పాప్-అప్‌లో డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్: మూస్తే కొస బయటికి, తెరిస్తే ముందుకి వాలుతోంది

విశాఖ_కాగితం:
తెరిస్తే బొమ్మ లేచి నిలబడే పాప్-అప్ పుస్తకం చేస్తున్నాను. పేజీ ఏ5 సైజు (14.8 × 21 సెం.మీ.). నడిమి మడత మీద వీ-ఫోల్డ్‌తో (మధ్యలో మడిచిన కాగితం, దాని రెండు రెక్కల్నీ చెరో పేజీకి వీ ఆకారంలో అంటిస్తారు) 16 సెం.మీ. లైట్‌హౌస్ నిలబెట్టాను. వీ మొన సరిగ్గా మధ్యలో, పై అంచు వైపు తిరిగి ఉంది. రెక్కలు నడిమి మడతకి 45 డిగ్రీల్లో అంటించాను. మూస్తే టవర్ కొస పై అంచు దాటుతోంది. తెరిస్తే టవర్ నా వైపు వాలుతోంది. కార్డు 210 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాములు). ముందు డాల్ఫిన్స్ నోస్ కొండ కూడా రావాలి. టవర్ పొట్టి చేయకుండా దారి ఉందా?

మడత_మాస్టారు:
కొయ్యక్కర్లేదండీ. పుస్తకం మూసినప్పుడు టవర్ వీ మొన చూసే వైపుకే పడుకుంటుంది. అడుగు కోత (టవర్ మధ్య మడతకీ అడుగు అంచుకీ మధ్య కోణం) 90 డిగ్రీలు, రెక్కలు 45 అయితే పడుకున్న టవర్ కూడా నడిమి మడతకి 45లోనే ఉంటుంది. 16ని 0.707తో (45 డిగ్రీల కొసైన్) గుణిస్తే 11.3. కొస మొన నుంచి పైకి అంత, పక్కకీ అంతే వెళ్తుంది. మీకు పైన ఉన్నది 10.5. ఆ 8 మి.మీ.యే బయటికొస్తోంది. పక్కన చోటు చాలినంత ఉంది.

వీని 2 సెం.మీ. కిందికి దించండి. రెక్కల కోణం 40కి తగ్గించినా కొస లోపలే ఉంటుంది గానీ అంచుకి 2 మి.మీ. మాత్రమే మిగులుతుంది. నన్నడిగితే దించడమే నయం. టవర్ అడుగున రెక్క ఒక్కోటి 5 సెం.మీ. అయినా ఉండాలి, లేకపోతే ఊగుతుంది. ఆ వెడల్పుని రాళ్లుగా గీసేయొచ్చు.

భీమిలి_బొమ్మలు:
ముందుకి వాలడం వేరే సంగతి. అడుగు కోత 90కి తక్కువైంది. 85 అయితే, రెక్కలు 45లో ఉన్నందున వాలేది 5 కాదు, 7 డిగ్రీలు. సెట్‌స్క్వేర్ పెట్టి చూడండి, కంటిని నమ్మొద్దు. కొలిచేటప్పుడు పేజీల్ని బల్లకి నొక్కిపట్టండి. అట్ట బిరుసుగా ఉండి పుస్తకం 160 డిగ్రీల దగ్గరే ఆగితే, కోత సరిగ్గా ఉన్నా టవర్ 10 డిగ్రీలు వెనక్కి పోతుంది. అప్పుడు లేని తప్పు దిద్దుతూ కూర్చుంటారు.

కొండని 3 సెం.మీ. ముందు ఇంకో వీగా, అదే 45తో, రెక్కల గీతలు సమాంతరంగా పెట్టండి. కోణం మారిస్తే రెండూ వేర్వేరు వేగంతో పడుకుని ఒకదానికొకటి రాసుకుంటాయి.

విశాఖ_కాగితం:
దించాను, కోత సరిచేశాను. ఇప్పుడు సగం మూసేసరికి పట్టేస్తోంది. బలవంతంగా మూస్తే టవర్ మీద అడ్డంగా ముడత పడుతోంది.

మడత_మాస్టారు:
రెండు ట్యాబ్‌లూ (రెక్కల అడుగున పేజీకి అంటించే పట్టీలు) గీత చూసి అంటించి ఉంటారు. ఒకవైపు 1 మి.మీ. జరిగినా అలాగే పడుతుంది. ఒక్క ట్యాబే గీతకి అంటించి ఆరనివ్వండి. టవర్‌ని మడిచి, మొన చూసే వైపుకి ఆ పేజీ మీదే పడుకోబెట్టండి. పైకి కనిపించే రెండో ట్యాబ్‌కి ఫెవికాల్ అగ్గిపుల్లతో పల్చగా రాసి, ఎదుటి పేజీ మూసి నొక్కండి. ఎక్కడ పడాలో అక్కడే పడుతుంది. పక్కకి కారిన జిగురు టవర్‌నే పేజీకి అంటించేస్తుంది, అందుకని ట్యాబ్ చుట్టూ బటర్ పేపర్ ముక్క పెట్టండి. ట్యాబ్‌లు నడిమి మడతకి 1 మి.మీ. ఇవతలే ఆగాలి.

భీమిలి_బొమ్మలు:
మళ్లీ కోస్తారు కాబట్టి గ్రెయిన్ (కాగితంలో పోగులు సాగే దిశ) కూడా చూసుకోండి. షీటు ఏ వైపు తేలిగ్గా వంగుతుందో టవర్ మడత ఆ వంపు వెంట రావాలి. అడ్డం వస్తే మన సముద్రపు చెమ్మకి టవర్ పక్కకి మెలిక తిరుగుతుంది. రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్‌తో గీటు పెట్టి మడవండి, కట్టర్‌తో గీస్తే తర్వాత అక్కడే చిరుగుతుంది.