48 లక్షలకు సేల్ డీడ్, 12 లక్షలకు ఇంటీరియర్ అగ్రిమెంట్ – బ్యాంకు ఒప్పుకోవట్లేదు, ఏం చేయాలి?

మూడో అంతస్తు:
పొద్దున తొమ్మిదింటి నుంచి ఇదే పని, ఇప్పటికి నాలుగు బ్యాంకులు తిరిగాను, భోజనం కూడా చేయలేదు. శుక్రవారం రిజిస్ట్రేషన్‌కి స్లాట్ బుక్ చేశాం. సేల్ డీడ్ 48 లక్షలకు రాయిస్తున్నాం, ఇంకో 12 లక్షలకు ఇంటీరియర్, ఎమినిటీస్ అని విడిగా అగ్రిమెంట్. ఆస్తి పన్ను తగ్గించుకోవడానికి ఇదొక స్కీమ్, అందరూ చేసేదే అని మీడియేటర్ చెప్పాడు. తీరా చూస్తే బ్యాంకు మేనేజర్ సేల్ డీడ్ మీదే లోన్ ఇస్తానంటున్నాడు, అందులో 80 శాతం అంటే 38 లక్షల 40 వేలు దాటదట. నాకు 55 కావాలి. ఆ రెండో అగ్రిమెంట్ కూడా కలిపి లోన్ ఇచ్చే బ్యాంకు ఏదైనా ఉంటే చెప్పండి. సలహాలు వద్దు, పేరు చెప్తే చాలు. చాలా టెన్షన్‌గా ఉంది.

పాత దస్తావేజు:
ముందు మాట సరిగ్గా వాడండి. ఆస్తి పన్ను అంటే ఇల్లు చేతికొచ్చాక ఏటా మున్సిపాలిటీకి కట్టేది. మీ మీడియేటర్ తగ్గిస్తానంటున్నది స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు. తెలంగాణలో 5.5, 1.5, 0.5, మొత్తం ఏడున్నర శాతం, 2021 జూలై నుంచి అంతే, అంతకుముందు ఆరు ఉండేది. ఆంధ్రాలో విడగొట్టడం వేరుగా ఉంటుంది కానీ కలిపితే అక్కడా ఏడున్నరే. ఇంతకీ మీది ఎక్కడ? అసలైన ఆస్తి పన్ను సంగతికొస్తే, పాత ఓనరు బకాయిలు ఉన్నాయో లేవో రసీదు తీసుకుని చూశారా? రిజిస్ట్రేషన్ అయ్యాక మున్సిపల్ రికార్డులో పేరు మార్పించుకోవడం చాలామంది మర్చిపోతారు, పదేళ్ల తర్వాత అమ్ముకునేటప్పుడు వచ్చి తలపట్టుకుంటారు, నేను ఎన్నిసార్లు చూశానో...

మూడో అంతస్తు:
తెలంగాణ. పేరు ఏదైతేనేం సార్, పన్నే కదా. బ్యాంకు గురించి చెప్పండి.

సూటిమాట:
48కి 12 కలిపితే 60. అరవై లక్షల ఇంటికి 55 లోనా? అసలు ధర ఎంత?

మూడో అంతస్తు:
74. మిగతా 14 క్యాష్. అది వేరే విషయం, దాని గురించి నేను అడగలేదు.

సూటిమాట:
అదే విషయం.

లెక్కల పుస్తకం:
తమ్ముడూ, సలహాలు వద్దన్నావు కానీ చెప్పక తప్పదు. నోటికొచ్చే సెక్షన్ నంబర్లు 1961 ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టానివి, 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం వచ్చి నంబర్లు మారాయి, ఆ సవరణ ఎవరో ఒకరు ఎలాగూ పెడతారు కాబట్టి నేనే ముందు చెప్తున్నా.

మీ మీడియేటర్ లెక్క ఇలా ఉండి ఉంటుంది: 26 లక్షలు సేల్ డీడ్‌లో చూపించకపోతే ఏడున్నర శాతం చొప్పున లక్షా 95 వేలు మిగులు. పైగా 50 లక్షల లోపు కాబట్టి ఒక శాతం టీడీఎస్ (ధరలోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) గొడవ కూడా లేదు. అవునా?

రెండోది అసలు నిలబడదు. ఆ యాభై లక్షల లెక్కలో కార్ పార్కింగ్, క్లబ్బు మెంబర్‌షిప్, కరెంటు, నీళ్ల కనెక్షన్, మెయింటెనెన్స్ లాంటి, ఇంటితోపాటు వచ్చే చార్జీలన్నీ కలపాలని 2019 సెప్టెంబరు 1 నుంచి చట్టంలోనే రాశారు. నీ ఎమినిటీస్ అగ్రిమెంట్‌లో ఇవే ఉంటాయి. 48, 12 కలిస్తే 60, టీడీఎస్ పడినట్టే. కోసి కట్టాల్సింది అమ్మేవాడు కాదు, నువ్వు. కట్టకపోతే నోటీసు వచ్చేదీ నీ పాన్ మీదే.

ఇక ఆ 14. ఇల్లు, స్థలం లావాదేవీల్లో 20 వేలు, ఆపైన క్యాష్ తీసుకోకూడదు, 2015 జూన్ నుంచి ఉన్న రూలు ఇది. తీసుకుంటే ఎంత తీసుకున్నాడో అంతా పెనాల్టీ. అది అమ్మేవాడి తలనొప్పి కదా అంటావు, నిజమే. నీ తలనొప్పి ఏంటంటే, ఆ 14 నీకు ఎక్కడిది? నీ అకౌంట్‌లోంచి డ్రా చేసిందేనా?

మూడో అంతస్తు:
మామగారు పొలం అమ్మి ఇచ్చారు. బ్లాక్ మనీ ఏం కాదు, కష్టార్జితం.

లెక్కల పుస్తకం:
చెక్కు ఇచ్చారా, నోట్లు ఇచ్చారా?

మూడో అంతస్తు:
నోట్లే. ఆయనకు కూడా కొన్నవాళ్లు నోట్లే ఇచ్చారు.

లెక్కల పుస్తకం:
అయితే ఒక మనిషి దగ్గర ఒక రోజులో 2 లక్షలు, ఆపైన క్యాష్ తీసుకోకూడదన్న రూలు (2017 నుంచి) నీ మీదికే వస్తుంది. మామగారు అల్లుడికి ఇచ్చే దానికి గిఫ్టుగా పన్ను లేదు, ఎంతైనా ఇవ్వొచ్చు, కానీ నోట్లుగా కాదు. ఇదీ తీసుకున్నవాడికి తీసుకున్నంత పెనాల్టీయే. ఒకవేళ సోర్స్ చూపించలేకపోతే అది ఇంకో దారి, నోట్ల రద్దు తర్వాత 2016లో ఆ పన్ను 60 శాతం చేశారు, అప్పట్లో సర్‌చార్జి, సెస్ కలిపితే 77 దాటేలా. రూపాయికి ఏడున్నర పైసలు మిగిల్చుకోవడానికి ఇదంతా.

గోదారి గట్టు:
భయపెట్టకండి బాబూ. ఈ దేశంలో పూర్తి వైట్‌లో ఇల్లు కొన్నవాడిని ఒక్కడిని చూపించండి. అతను రాయిస్తున్నది గవర్నమెంట్ వాల్యూ కన్నా ఎక్కువేనా కాదా? ఎక్కువైతే సబ్‌రిజిస్ట్రార్ ఏమీ అడగడు. ఇది ఎగవేత కాదు, ఆదా.

మూడో అంతస్తు:
ఎక్కువే అన్నా, మార్కెట్ విలువ 46. మేం 48 వేస్తున్నాం.

సూటిమాట:
మార్కెట్‌లో 74కి కొంటూ మార్కెట్ విలువ 46 అంటారేంటి?

పాత దస్తావేజు:
ఆయన అన్నది కరెక్టే, ఇక్కడే జనం తికమక పడతారు. రిజిస్ట్రేషన్ శాఖ భాషలో మార్కెట్ విలువ అంటే ప్రభుత్వం కట్టిన రేటు. బయట బజారులో పలికేదాన్ని మనం మార్కెట్ రేటు అంటాం. ఒకే మాట, రెండు అర్థాలు.

గోదారి గట్టు:
చూశారా, ప్రభుత్వమే 46 అని రాసుకుంది. ఇంకా గొడవెందుకు?

పాత దస్తావేజు:
మీరు సగం విని మాట్లాడుతున్నారు. 46 అనేది కింది గీత. దానికన్నా తక్కువకు రాసుకున్నా డ్యూటీ 46 మీదే కట్టాలి. ఎక్కువకు కొంటే ఆ ఎక్కువ మీద కట్టాలి, రెంటిలో ఏది పెద్దదైతే అది. స్టాంపు చట్టం 27వ సెక్షన్‌లో చేతులు మారిన ప్రతిఫలం ఉన్నదున్నట్టు రాయాలని స్పష్టంగా ఉంది. కావాలని దాస్తే 64వ సెక్షన్ ఉంది, తక్కువ విలువ చూపించారన్న అనుమానం వస్తే 47ఏ కింద పైకి పంపుతారు. సబ్‌రిజిస్ట్రార్ అడగకపోవడం వేరు, తప్పు కాకపోవడం వేరు. ఆదా అంటే చట్టం ఇచ్చిన మినహాయింపు వాడుకోవడం. ఒక అంకె బదులు ఇంకో అంకె రాయడాన్ని ఏ నిఘంటువులోనూ ఆదా అనరు.

గోదారి గట్టు:
నిఘంటువులు చూసి ఇళ్లు కొనరు సార్. ఏడున్నర శాతం ప్రభుత్వం ఊరికే తీసుకుంటుంటే అడగరు గానీ, ఆరుని ఏడున్నర చేసినప్పుడు ఒక్కడైనా నోరెత్తాడా?

చిన్నక్క:
మీ ఇద్దరి వాదన తర్వాత చూసుకోండి. తమ్ముడూ, మాకు జరిగింది చెప్తాను. మేం కూడా ఇలాగే కొన్నాం, 9 లక్షలు క్యాష్ ఇచ్చాం, బిల్డర్ ఆఫీసులో కుర్రాడు మెషీన్‌లో లెక్కపెట్టి, సంచీ మడిచి మాకే తిరిగిచ్చాడు. రసీదు అడిగితే నవ్వాడు. మూడేళ్ల తర్వాత ఆ బిల్డర్ మీద సోదాలు జరిగాయి. వాళ్ల డైరీలో మా ఫ్లాట్ నంబరు, దాని పక్కన పచ్చ సిరాతో 9, కింద ఒక గీత. అంతే, పేరు కూడా లేదు. నోటీసు మా ఆయన పేరు మీద వచ్చింది. ఆ కాగితం జిరాక్సు మా ముందు పెట్టి ఇది ఏంటి అని అడిగారు. మాకు తెలియదని చెప్పడానికి వెళ్లినవాళ్లం, ఆ పచ్చ సిరా చూశాక నోట మాట రాలేదు. ఆడిటర్ ఫీజులకే మిగిల్చుకున్నది అయిపోయింది, మిగతాది చెప్పను. బిల్డర్ మాత్రం ఇంకో మూడు వెంచర్లు వేశాడు.

మూడో అంతస్తు:
అయ్యో. మాది బిల్డర్ కాదక్కా, రీసేల్. ఓనరుకి డైరీలు రాసే అలవాటు ఉండదు, ఆయన అసలు ఇక్కడే ఉండడు, డల్లాస్‌లో ఉంటాడు. వాళ్ల తమ్ముడికి జీపీఏ (తన తరఫున సంతకం పెట్టే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇచ్చాడు, క్యాష్ కూడా తమ్ముడే తీసుకుంటాడు.

లెక్కల పుస్తకం:
ఈ ముక్క ఇప్పుడా చెప్పేది??

ఎన్ఆర్ఐ దగ్గర కొంటే ఆ ఒక శాతం, యాభై లక్షలు, ఇవేవీ వర్తించవు. అది పాత చట్టంలో 195వ సెక్షన్ కిందికి వస్తుంది, అక్కడ కనీస పరిమితే లేదు. రెండేళ్లు దాటిన ఇల్లయితే పన్నెండున్నర శాతం, దాని మీద సర్‌చార్జి, సెస్. ఆయన తక్కువ టీడీఎస్‌కి డిపార్ట్‌మెంట్ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే లాభం మీద కాదు, మొత్తం ధర మీద కోయమంటారు. 74 మీద ఒట్టి పన్నెండున్నరే 9 లక్షల 25 వేలు. నువ్వు కోయకుండా డబ్బంతా ఇచ్చేసి, ఆయన డల్లాస్‌లో కూర్చుంటే, వడ్డీతో సహా వసూలు చేసేది నీ దగ్గరే. ఆయనకు స్కీమ్ ఎందుకు నచ్చిందో ఇప్పుడు అర్థమైంది. రేటు తక్కువ చూపిస్తే ఆయన లాభం తగ్గుతుంది, పన్ను తగ్గుతుంది. లక్షా 95 వేలు చూపించి నిన్ను ఒప్పించారు.

ఇంకోటి, నువ్వు రేపు అమ్మితే నీ కొనుగోలు ధర 48గానే ఉంటుంది. 26 లక్షల మీద పన్నెండున్నర చొప్పున 3 లక్షల 25 వేలు అదనంగా కడతావు.

సూటిమాట:
12 లక్షలు బ్యాంకు ద్వారా ఇస్తాడు కదా, బిల్లులుంటే ఖర్చులో చూపించొచ్చు. 14 మీదే లెక్క వేయండి, లక్షా 75.

లెక్కల పుస్తకం:
ఇంటీరియర్ నిజంగా చేస్తే. చేస్తున్నారా?

మూడో అంతస్తు:
లేదు. వంటింట్లో కప్‌బోర్డులు ఉన్నాయి, పాతవే.

పాత దస్తావేజు:
జీపీఏ సంగతి ఎవరూ అడగలేదు. అక్కడి కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించారా? ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టి చెల్లుబాటు చేయించారా? అందులో అమ్మే అధికారం, డబ్బు తీసుకునే అధికారం విడివిడిగా రాసి ఉన్నాయా? జీపీఏ చేతిలో ఉంది కదా అని రిజిస్ట్రేషన్ లేకుండా అగ్రిమెంట్ మీద ఇల్లు తీసుకుంటే హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో చెప్పింది, అది వేరే సందర్భమే అనుకోండి, అయినా...

మూడో అంతస్తు:
జీపీఏ పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపారు సార్, ఒరిజినల్ చూడలేదు. అందులో స్టాంపులు ఏవో ఉన్నాయి. ఇంకో విషయం, బయానా కింద 3 లక్షలు క్యాష్ ఆల్రెడీ ఇచ్చాను. రసీదు లేదు, తెల్ల కాగితం మీద 3 అని రాసి మీడియేటర్ సున్నా చుట్టాడు, కింద 11 బ్యాలెన్స్ అని ఉంది.

సూటిమాట:
సంతకం?

మూడో అంతస్తు:
లేదు.

చిన్నక్క:
ఆ కాగితం పారేయకు. ఫోటో తీసి పెట్టు, ఆ రోజు ఫోన్‌లో మాట్లాడినవి, మెసేజ్‌లు అన్నీ ఉంచు.

లెక్కల పుస్తకం:
పెట్టుకో కానీ కోర్టుకెళ్తానని మాత్రం అనకు. రెండు లక్షలు, ఆపైన క్యాష్ ఇచ్చానని ఎవరైనా దావా వేస్తే ఆ సంగతి ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకు తెలియజేయాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కింది కోర్టులకు చెప్పింది. డబ్బు కోసం వెళ్తే ముందు నోటీసు వస్తుంది. వాళ్లతో మాట్లాడి ఆ మూడూ వెనక్కి తీసుకుని, అదే మొత్తం అకౌంట్‌లోంచి ఓనరు ఎన్ఆర్ఓ అకౌంట్‌కి (ఎన్ఆర్ఐలకు ఇక్కడి బ్యాంకులో ఉండే అకౌంట్) పంపు, తమ్ముడి అకౌంట్‌కి కాదు.

గోదారి గట్టు:
అన్నీ వైట్‌లో అంటే ఓనరు 74కి ఇవ్వడు, 80 అడుగుతాడు. అప్పుడు మీరెవరూ ఆ ఆరు లక్షలు ఇవ్వరు. అది కూడా చెప్పండి అతనికి.

లెక్కల పుస్తకం:
అడగొచ్చు, ఆ మాట నిజమే. 80కి కొంటే 80 మీద లోన్ వస్తుంది, 80 కొనుగోలు ధర అవుతుంది, అదీ ఒక లెక్క వేసి చూసుకోమనండి. ఓనరు ఒప్పుకోకపోతే ఇంకో ఇల్లు చూసుకోవడమే.

గోదారి గట్టు:
చెప్పడానికి బాగానే ఉంటుంది.

పాత దస్తావేజు:
80కి కొంటే ఏడున్నర శాతం ఆరు లక్షలు. 48కి అయితే 3 లక్షల 60 వేలు. తేడా 2 లక్షల 40 వేలు. అంకెలు రాసేటప్పుడు పూర్తిగా రాయాలి.

గోదారి గట్టు:
ఇప్పుడు మీరు నా పక్షమా సార్?

పాత దస్తావేజు:
నేను అంకెల పక్షం.

మూడో అంతస్తు (మర్నాడు సాయంత్రం):
స్లాట్ క్యాన్సిల్ చేశాం. మీడియేటర్ ఫోన్ ఎత్తట్లేదు. ఓనరుతో వీడియో కాల్‌లో మాట్లాడాను, సర్టిఫికెట్‌కి అప్లై చేస్తానన్నాడు, రేటు గురించి ఏమీ తేల్చలేదు, 77 అంటున్నాడు. మామగారికి ఇంకా చెప్పలేదు. సరే, థాంక్స్ అందరికీ. బ్యాంకు పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు.

చిన్నక్క:
ఆ మూడు లక్షలు వెనక్కి వచ్చాయా?

పాత దస్తావేజు:
జీపీఏ ఒరిజినల్ చూశారా? మున్సిపల్ ఆస్తి పన్ను రసీదు సంగతి కూడా అడిగాను.