కాలిఫోర్నియా చట్టం అమెరికా అంతటికీ పెడితే తప్పేంటి?

ఫ్రీమాంట్ రాము:
శనివారం పాట్‌లక్‌లో బిర్యానీ చల్లారిపోయేదాకా సాగిన గొడవ ఇది, తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. కాలిఫోర్నియాలో 2006లో ఏబీ 32 చట్టం వచ్చింది. సంతకం పెట్టింది రిపబ్లికన్ గవర్నర్ ష్వార్జ్‌నెగర్. 2020కల్లా రాష్ట్రం వదిలే గ్రీన్‌హౌస్ వాయువులు 1990 నాటి మట్టానికి దిగాలని లక్ష్యం. నాలుగేళ్ల ముందే, 2016లోనే దిగాయి. రాష్ట్రం దివాలా తీసిందా? లేదు కదా. మరి దేశమంతటికీ పెట్టడానికి ఏం రోగం?

డాలస్ శీను:
రామన్నా, ఏం రోగమో మీ ఊరి గ్యాస్ స్టేషన్‌లో పెట్రోల్ ధర బోర్డు చూస్తే తెలుస్తుంది. పోయిన వేసవిలో మా బావమరిది ఇంటికొచ్చి ట్యాంక్ నింపించా, గాలన్‌కి మా కంటే డాలర్ పైనే ఎక్కువ. మీకు ఐటీ జీతాలు, కడతారు. వెస్ట్ వర్జీనియాలో పాత పికప్ వేసుకుని రోజూ డ్యూటీకి పోయేవాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు? మా టెక్సస్‌లో అలాంటి చట్టమే లేదు, అయినా గాలి కరెంటులో దేశంలో మేమే ఫస్ట్. స్వీట్‌వాటర్ వైపు ఒకసారి డ్రైవ్ చేయండి, కనుచూపు మేరా గాలిమరలే. చవగ్గా వస్తే జనం వాళ్లే పెట్టుకుంటారు.

ఫ్రీమాంట్ రాము:
డాలర్ తేడా అంతా ఈ చట్టం నెత్తిన రుద్దకు శీనూ. ఇక్కడ గ్యాస్ పన్నులు ఎక్కువ, పైగా పొగ తగ్గడానికి వేరే రకం గ్యాస్ అమ్మాలి, చట్టం వాటా సెంట్లలోనే. ఇక మీ గాలిమరలు వాటంతటవే మొలిచాయా? 1999లో బుష్ గవర్నర్‌గా ఉండగా మీ రాష్ట్రమే చట్టం చేసి, ఇంత కరెంటు గాలి లాంటి వాటి నుంచి తేవాలని కంపెనీలకు లెక్క పెట్టింది. తర్వాత పడమటి నుంచి ఊళ్లకి లైన్లు లాగడానికి దాదాపు 7 బిలియన్ డాలర్లు, అదంతా మీ కరెంటు బిల్లుల్లోంచే.

శాక్రమెంటో అక్క:
తమ్ముళ్లూ, ఇది ఇప్పటికే రెండుసార్లు ప్రయత్నించారు, మీరిద్దరూ ఆ ఊసే ఎత్తలేదు. ఒకటి కార్లది. కాలిఫోర్నియా 2002లో కార్ల పొగకి పరిమితి పెట్టింది. దానికి కేంద్రం అనుమతి కావాలి, 2007 డిసెంబర్‌లో బుష్ ప్రభుత్వం ఇవ్వనంది. ఈలోగా డజనుకి పైగా రాష్ట్రాలు అదే రూల్ ఎత్తుకున్నాయి. రాష్ట్రానికో రకం కారు చేయడం తలనొప్పని కంపెనీలు కూడా దిగొచ్చాయి, 2009లో ఒబామా దాదాపు అదే దేశమంతటికీ పెట్టాడు.

రెండోది క్యాప్ అండ్ ట్రేడ్, అంటే పొగ వదలడానికి కంపెనీలకిచ్చే పర్మిట్లు ఏటేటా తగ్గిస్తూ వేలంలో అమ్మే పద్ధతి. దీన్ని దేశమంతటికీ తెచ్చే వాక్స్‌మన్–మార్కీ బిల్లు 2009 జూన్‌లో దిగువ సభ హౌస్‌లో 219–212తో గట్టెక్కింది, సెనేట్‌లో ఓటింగ్ దాకా కూడా రాలేదు. అందులో ఒక క్లాజుంది చూడండి, 2012 నుంచి 2017 దాకా రాష్ట్రాలు సొంత క్యాప్‌లు నడపకూడదు. ఏబీ 32 కింద కాలిఫోర్నియా తెచ్చిన క్యాప్ అసలు మొదలైందే 2013లో! బిల్లు పాసై ఉంటే రామూ, నువ్వు గొప్పగా చెప్పే క్యాప్ పుట్టేదే కాదు. అందుకే నేనడిగేది వేరే. దేశం మొత్తానికి చట్టం అంటున్నావే, ‘ఇంతకంటే తక్కువ చేయొద్దు’ అనేదా, ‘ఇంతకు మించి చేయొద్దు’ అనేదా?

డాలస్ శీను:
అక్కా, ఆ క్లాజు సంగతి నాకు తెలీదు. ఒకటి మాత్రం ఒప్పుకుంటా, ఒక్క రాష్ట్రమే పట్టుబడితే ఫ్యాక్టరీ నెవాడా గీత దాటి కూర్చుంటుంది, పొగ అంతే ఉంటుంది. ఆ లెక్కన దేశమంతా ఉండటమే నయం. కానీ దేశం చేతిలో పెడితే ప్రభుత్వం మారినప్పుడల్లా తిరగబడుతుంది. 2025 జూన్‌లో కాలిఫోర్నియా ఎలక్ట్రిక్ కార్ల రూల్‌కి కేంద్రం ఇచ్చిన అనుమతి ట్రంప్ సంతకంతో పోయిందిగా.

శాక్రమెంటో అక్క:
పోయింది, కోర్టుకెళ్లారు. కానీ శీనూ, క్యాప్‌కి ఆ అనుమతి అక్కర్లేదు, అది రాష్ట్రం సొంతం. అదే ఏడాది 2045 దాకా పొడిగించుకున్నారు కూడా.

ఫ్రీమాంట్ రాము:
సరే అక్కా, మొదటి రకమే. వెస్ట్ వర్జీనియా పికప్ వాడికి కూడా, మాకు కరెంటు బిల్లులో క్లైమేట్ క్రెడిట్ అని మైనస్‌లో వచ్చినట్టు, ఆ వేలం డబ్బు వెనక్కి రావాలి. శీనూ, అలాగైతే ఓటేస్తావా?

డాలస్ శీను:
ఆ మైనస్ ఎంతో స్క్రీన్‌షాట్ పెట్టు, చూసి చెప్తా.