వైఫైని ‘పోల్చనేదు’: ఇది గుర్తించడమేనా?

పర్లాకిమిడిలో నాది చిన్న జెరాక్సు, డీటీపీ కొట్టు. మొన్న కాశీనగరం నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. పాత లాప్‌టాప్‌లో లినక్సు (విండోస్‌కి బదులు వాడే ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించబోతున్నాడు. ముందు ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా తెరిచి చూస్తే నెట్ రాలేదట.

“మావయ్యా, వైఫైని పోల్చనేదు.”

నాకు సమస్య కన్నా ముందు ఆ మాట పట్టుకుంది. మన వైపు పెళ్ళిలో ఎదురైన చుట్టం “నన్ను పోల్చేవా?” అంటే గుర్తుపట్టావా అని అర్థం. బడిలో మాత్రం పోల్చడమంటే రెండిటిని పక్కపక్కన పెట్టి చూడడమని చెప్పుకొచ్చాం. పోలు, పోలిక, పోల్చు అన్నీ ఒక్క తీగవే. పిల్లాణ్ణి చూసి “వాళ్ళ నాన్న పోలికలే” అంటామే, అది కూడా.

కంప్యూటరు చేసే పని సరిగ్గా ఇదే. వైఫై కార్డు లాంటి ప్రతి కార్డులోనూ రెండు అంకెలుంటాయి: తయారీదారుది ఒకటి, మోడల్‌ది ఒకటి. ఇంటెల్‌ది 8086 (తన పాత చిప్పు పేరే పెట్టుకుంది), ఏఎండీది 1022. లినక్సు కెర్నల్ (దాని గుండెకాయ) దగ్గర ఏ డ్రైవరు (కార్డు చేత పని చేయించే ప్రోగ్రాము) ఏ అంకెలకు పనికొస్తుందో రాసిన పట్టీ ఉంటుంది. కార్డులోని అంకెల్ని ఆ పట్టీతో సరిపోల్చి, కుదిరితే ఆ డ్రైవర్ని తెస్తుంది. కుదరకపోతే ఊరుకుంటుంది. ఇక్కడ సరిపోల్చడమే గుర్తుపట్టడం.

“టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ కొట్టి, జాగా వదిలి, అడ్డగీత ఎన్ఎన్‌కే అని పెట్టరా” అన్నాను. లోపలున్న కార్డుల్నీ వాటి డ్రైవర్లనీ చూపించే ఆదేశం అది.

“నెట్‌వర్క్ కంట్రోలర్ అని అవుపడతంది. కంపెనీ పేరు కూడా ఉంది.”

“దాని కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అని ఉందా?”

“నేదు.”

అంటే అవుపడింది, పోల్చలేదు. పేరు కనిపించింది కదా అని మోసపోకూడదు. ఆ పేరొచ్చేది వేరే జాబితాలోంచి, దానికీ డ్రైవర్లకీ సంబంధం లేదు. మా వాడు ఆలోచించి అన్న మాట కాదు గానీ, ‘గుర్తించబడలేదు’ అని మనం అనువాదాల్లో రాసేదాని కన్నా అదే పక్కాగా ఉంది. ఆ ‘బడలేదు’ చూస్తే నాకెప్పుడూ చిరాకే. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని అలాంటి వాక్యం టైపు చెయ్యాలంటే చెయ్యి రాదు.

నా ప్రశ్న: ‘డిటెక్ట్’ అన్నచోటల్లా ‘గుర్తించు’ ఒక్కటే వాడేస్తున్నాం. మీ వైపు ఇంకేమంటారు?

బరంపురం నుంచి:
మాస్టారూ, మా ఇంట్లో పోల్చడమంటే కంపేర్ చెయ్యడమే. మనుషుల్ని ‘గుర్తుపడతాం’. ‘ప్రింటరును పోల్చలేదు’ అని రాస్తే మా పిల్లలు దేనితో అని అడుగుతారు. అయినా ‘గుర్తించు’లో తప్పేముంది? గుర్తు అంటే ఆనవాలు. మీరు చెప్పిన అంకెలూ ఆనవాళ్ళేగా.

రాయగడ నుంచి:
పై వారికి తోడు. ఒడియాలో ‘మోతే చిహ్నిల?’ అంటారు, నన్ను గుర్తుపట్టారా అని. చిహ్నం లోంచి చిహ్నిబా, గుర్తు లోంచి గుర్తించు, రెండిటి నడక ఒకటే. కాబట్టి ‘గుర్తించు’ ఉండనివ్వండి. ‘బడు’ మాత్రం తీసేద్దాం, దానికి నా ఓటు కూడా.

సిరొంచ నుంచి:
అన్నా, మాది గడ్చిరోలి జిల్లా. మేము ‘గుర్తువట్టలే’ అంటం. కానీ మీరు ‘అవుపడింది’ అన్నదానికి మా దగ్గర మంచి మాటుంది, ‘ఆనుడు’. చూపు తగ్గితే “కండ్లు ఆనతలేవు” అంటం గదా. మొన్న నేను ఇన్‌స్టాల్ చేస్తాంటే డిస్కే ఆనలే. జాబితాల పెన్‌డ్రైవ్ ఒక్కటే ఉంది. బయోస్‌ల (కంప్యూటరు లేవంగనే మొదలు నడిచేది) స్టోరేజి రెయిడ్ పద్ధతిల ఉండె, ఏహెచ్‌సీఐ అనే ఇంకో పద్ధతికి మారిస్తే ఆనింది. విండోస్ ఉన్నోళ్ళు మాత్రం ఉత్తగ మార్చకుండ్రి, ముందు దాన్ని తయారు చేసుకోకుంటే అది మళ్ళ లేవకపోవచ్చు.

పర్లాకిమిడి నుంచి (నేనే):
ఆనడం! ఇది నాకు తట్టలేదు తమ్ముడూ. నీ డిస్కుది ఆనకపోవడం, మా వాడి వైఫైది పోల్చకపోవడం. రెండిటికీ ‘గుర్తించలేదు’ అని రాస్తే సాయం చేసేవాడు ఎక్కడ మొదలుపెట్టాలి? ఒకడు బయోస్‌లోకి వెళ్ళాలి, ఇంకొకడు డ్రైవరు వెతుక్కోవాలి. బరంపురం వారూ, నా గొడవ ‘గుర్తించు’ తప్పని కాదండీ. అది రెండు జబ్బులకూ ఒకే పేరైపోయింది.

రాయగడ నుంచి:
అయితే మూడోది కూడా ఉంది. నా లాప్‌టాప్‌లో డ్రైవర్ ఇన్ యూజ్ అని చూపిస్తుంది, వైఫై మాత్రం రాదు. డీమెసేజ్ (కెర్నల్ రాసుకునే చిట్టా) చూస్తే ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రాము) ఫైలు దొరకలేదని ఉంది. నేను ఎక్కించింది డెబియన్ 11, లినక్సులోనే ఒక రకం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాని ఫర్మ్‌వేర్‌ని 2023లో డెబియన్ 12 నుంచే మామూలు ఇన్‌స్టాలర్‌లో కలుపుతున్నారు. ఆనింది, పోల్చింది, అయినా... దీన్నేమంటారు?

బరంపురం నుంచి:
‘పలకలేదు’ అనండి. పిలిస్తే చూసి, మనిషిని పోల్చి కూడా పలకని చుట్టాలు మాకు బోలెడుమంది.

పర్లాకిమిడి నుంచి:
చూశారా, ‘పోల్చి’ అన్నారు మీరు కూడా!

మా వాడి సంగతి: ఫోన్‌ని యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కంప్యూటరుకి ఇవ్వడం) పెట్టమన్నాను. దాన్ని వెంటనే పోల్చింది. ఆ నెట్‌తోనే ఇన్‌స్టాల్ ముగించి, డ్రైవరు దింపుకుని, రాత్రి పదింటికి మెసేజ్ పెట్టాడు: “మావయ్యా, పలికింది.” ఈ చర్చ వాడు చదవలేదు.