అప్‌డేట్: శనగచేలో తిరిగే గోధుమరంగు గద్ద ఏదో తేలింది

నంద్యాల జిల్లాలో మా శనగచేల మీద బాగా కిందుగా ఎగిరే గద్ద ఏమిటని నవంబరులో అడిగాను. అది ఆడ పాలిడ్ హారియర్ (చలికాలంలో మన దగ్గరికి వలస వచ్చే ఒక రకం గద్ద). అందరికీ థ్యాంక్స్.

తోక మొదట్లో తెల్లమచ్చ, దీన్ని పోలి ఉండే మాంటేగు హారియర్ అనే గద్దకీ ఉంటుంది, కాబట్టి దాంతో తేలలేదు. మెడ చూడమన్న సలహాయే పనికొచ్చింది. పొద్దువాలే వేళ గట్టు మీద కదలకుండా కూర్చుంటే దగ్గరికే వచ్చింది. ముదురు చెంప, దాని వెనకే లేతరంగు పట్టీ! ఫోటో చూసి అనుభవమున్న పక్షి పరిశీలకులొకరు ఖాయం చేశారు. రొమ్ము మీద గీతలున్నాయి కాబట్టి పిల్ల కాదట.

కోడిపిల్లల గురించి మామయ్యకున్న టెన్షనూ తీరింది. రాత్రిళ్లు ఈ గద్దలు పడుకునే గడ్డిలో దొరికిన, అవి అరగక కక్కిన ఉండలో మిడత కాళ్లు, ఎలుక వెంట్రుకలే ఉన్నాయి. ఏప్రిల్‌కల్లా మధ్య ఆసియా వైపు వెళ్లిపోతాయి, అందాకా ఆ గడ్డి కోయొద్దన్నాను.