ఐబీఎస్‌కు మల మార్పిడి తిరుపతిలో ఇప్పుడే మొదలుపెట్టొచ్చా?

అలిపిరి గ్యాస్ట్రో:
ఇసబ్‌గోల్, మెబెవెరిన్, తక్కువ డోసు అమిట్రిప్టిలిన్, ఆహార మార్పులు అన్నీ అయినా తగ్గని ఐబీఎస్ (కడుపునొప్పి, మోషన్ల తేడాలతో వేధించే పేగు సమస్య) వాళ్లకు మల మార్పిడి, అంటే ఆరోగ్యవంతుడైన దాత మలాన్ని రోగి పేగులోకి ఎక్కించడం, ఇవ్వొచ్చని నా వాదన. నార్వేలో ఎల్-సాల్హీ బృందం 2020లో ప్రచురించిన ట్రయల్లో 165 మంది ఉన్నారు. మూడు నెలలకు దాత మలం 30 గ్రాములు అందుకున్నవాళ్లలో 76.9 శాతం, 60 గ్రాములవాళ్లలో 89.1 శాతం మందికి గుణం కనిపించింది. సొంత మలమే తిరిగి ఎక్కించినవాళ్లలో అది 23.6 శాతమే. ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి ఇదేం పెద్ద పని కాదు.

చిత్తూరు మైక్రో:
ఆ ట్రయల్లో దాత ఒక్కడే సార్, ఏరికోరి తెచ్చుకున్న మనిషి. అలాంటివాడు మనకు దొరక్కపోతే ఆ 89 శాతం మనది కాదు. అదే నార్వేలో 2018 నాటి కొలనోస్కోపీ ట్రయల్లో మూడు నెలలకు దాత మలంవాళ్లలో 65, సొంత మలంవాళ్లలో 43 శాతం మందికి గుణం. ఏడాదికి తేడా నిలబడలేదు. డెన్మార్క్‌లో దాత మలం నింపిన క్యాప్సూళ్లు రోజుకు 25 చొప్పున 12 రోజులు మింగించారు, చివరికి ఉత్తుత్తి క్యాప్సూళ్లవాళ్లే మెరుగ్గా ఉన్నారు! అమెరికా గ్యాస్ట్రో సంఘం 2024 మార్గదర్శకాల్లో కూడా ఐబీఎస్‌కు ట్రయల్ బయట వద్దన్నారు.

ఇక "పెద్ద పని కాదు" అన్న మాట. దాతకు హెచ్ఐవీ, హెపటైటిస్‌లు, సిఫిలిస్, జియార్డియా, సాల్మొనెల్లా, సి.డిఫిసిల్ పరీక్షలు ఎలాగూ ఉంటాయి. మన దగ్గర ఎక్కువమంది ఆగిపోయేది ఈఎస్‌బీఎల్ (చాలా యాంటీబయాటిక్‌లను పనిచేయనివ్వని ఎంజైములు) ఉన్న బ్యాక్టీరియా దగ్గర. సెఫోటాక్సిమ్ అనే యాంటీబయాటిక్ కలిపిన మెకాంకీ ప్లేటు (బ్యాక్టీరియాను పెంచే పళ్లెం) మీద, మెరోపెనెమ్ కలిపిన దాని మీద విడివిడిగా కల్చర్ పెట్టాల్సిందే. 2019లో అమెరికాలో ఈ పరీక్ష చేయని దాత మలం నుంచి ఈఎస్‌బీఎల్ ఈ.కోలై ఇద్దరికి సోకి, ఒకరు చనిపోయారు.

దాత గత మూడు నెలల్లో యాంటీబయాటిక్ వాడి ఉండకూడదు. "మందులేమైనా వాడారా?" అంటే లేదనే చెప్తారు. మోషన్లకు మెడికల్ షాపులో ఇచ్చిన ఓఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్, జలుబుకు వేసుకున్న అజిత్రోమైసిన్ అని పేరుపేరునా అడగాలి.

పీలేరు ఫార్మసీ:
తయారీ ఎలాగండీ?

చిత్తూరు మైక్రో:
మలం పడ్డాక ఆరు గంటల్లోపు అయిపోవాలి. 50 గ్రాములకు 150 మిల్లీలీటర్ల స్టెరైల్ సెలైన్ పోసి, సేఫ్టీ క్యాబినెట్‌లో కలిపి, గాజుగుడ్డలో వడకట్టాలి. మిక్సీ జోరుగా తిప్పితే గాలి కలిసి, ఆక్సిజన్ పడని బ్యాక్టీరియా చస్తాయి. మనకు కావాల్సినవి చాలావరకు అవే. 10 శాతం గ్లిజరాల్ కలిపి మైనస్ 80 డిగ్రీల్లో పెట్టాలి. గ్లిజరాల్ లేకుంటే మంచు స్ఫటికాలు కణాలను చీల్చేస్తాయి. విండో పీరియడ్ (సోకినా పరీక్షలో కనపడని తొలి రోజులు) ఉంది కాబట్టి దాతకు ఎనిమిది వారాల తర్వాత రక్తపరీక్ష మళ్లీ చేసి, నెగెటివ్ వస్తేనే ఆ సంచి బయటికి తీయాలి. వాడే రోజు 37 డిగ్రీల నీళ్లలో కరిగించి వెంటనే ఎక్కించాలి. కరిగింది మళ్లీ గడ్డకట్టించకూడదు. ఎండాకాలం కరెంటు పోతే ఫ్రీజర్‌కు జనరేటర్ ఉందా అన్నది మొదట చూసుకోండి.

కాణిపాకం డైటీషియన్:
"అన్నీ అయినా" అనే ముందు ఒక మాట. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, అనపగింజలు, గోధుమ నాలుగైదు వారాలు పూర్తిగా ఆపి, ఆ తర్వాత ఒక్కొక్కటే తిరిగి పెట్టి చూశారా? మనవాళ్లు ఎర్రగడ్డ మానేసి, పొడుల్లో తెల్లగడ్డ తింటూనే ఉంటారు. పాలు పడకపోవడం, సీలియాక్ (గోధుమ పడని పేగు జబ్బు), థైరాయిడ్, పేగు టీబీ లేవని తేల్చారా? రక్తం పడితే, బరువు తగ్గితే, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలుంటే ఐబీఎస్ అనుకోకూడదు.

అలిపిరి గ్యాస్ట్రో:
ఆ జాబితా ఒప్పుకుంటాను. క్యాప్సూళ్లు ఓడిపోయాయని పద్ధతినే కొట్టేయడం మాత్రం ఒప్పుకోను. ఎల్-సాల్హీ వాళ్లు గ్యాస్ట్రోస్కోప్‌తో చిన్నపేగు మొదట్లోకే పంపారు. దారి వేరు, మోతాదు వేరు. ట్రయల్‌గానే పెడదాం: ఎథిక్స్ కమిటీ అనుమతి, సీటీఆర్ఐ (దేశంలోని ట్రయళ్ల రిజిస్ట్రీ)లో నమోదు, కంట్రోల్‌కు సొంత మలం.

చిత్తూరు మైక్రో:
అలాగైతే నేను మీ వైపే. దాత మలం, సొంత మలం సంచులు రెండూ ఒకేలా గడ్డకట్టించి, ఒకే రంగు సిరంజీల్లో ఇవ్వాలి, లేకుంటే ఎవరికేది వెళ్లిందో తెలిసిపోతుంది. దాత సంగతే తేలలేదు. ఒక్కడినే నమ్ముకుంటే, మధ్యలో అతను జ్వరానికి సెఫిక్సిమ్ వేసుకున్నాడంటే మూడు నెలలు ఆగాలి. ముగ్గురిని పెట్టుకుంటే ఎవరి మలం పనిచేసిందో విడగొట్టడానికి రోగుల సంఖ్య పెంచాలి. మీరు ఏది ఎంచుకుంటారు?