డెరివేటివ్ సున్నా చేస్తే రెండు ఆన్సర్లు వచ్చినాయి, ఒకటి ఎందుకు కొట్టేయాలి?

అల్లూరు నాన్న:
అందరికీ నమస్తే. మాది నెల్లూరు జిల్లా అల్లూరు కాడ, రొయ్యల గుంటలు చేస్తా ఉంటా. మా పాప ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, మాక్సిమా మినిమా (ఎక్కువలో ఎక్కువ, తక్కువలో తక్కువ ఎంతో కనుక్కునే లెక్కలు) కాడ ఆగిపోయింది. 80 సెం.మీ. పొడుగు 30 సెం.మీ. వెడల్పు రేకు, నాలుగు మూలలా ఎక్స్ సెం.మీ. చదరాలు కోసేసి పైకి మడిస్తే మూతలేని డబ్బా అవుద్ది, ఎక్స్ ఎంతైతే అందులో ఎక్కువ పడుద్ది అని లెక్క. పాపకి 30, 20/3 రెండూ వచ్చినాయి, ఆన్సరు 20/3 ఒకటే ఉండాది. కాలేజీలో అడిగితే స్టెప్పులు బట్టీ పట్టు, మార్కులు పడతాయి అన్నారంట. బట్టీ అయితే పట్టింది, అర్థం కాకుండా ఎట్టా నాన్నా అని రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలా. నేను టెన్త్ తెలుగు మీడియం, నాకు అందలా. ఎవురన్నా ఒక్కో మెట్టూ చెప్పండయ్యా.

ఒంగోలు లెక్కల టీచర్:
పాప లెక్క తప్పు చెయ్యలేదండీ. రెండు చివర్లా కోస్తాం కాబట్టి పొడుగు 80 − 2ఎక్స్, వెడల్పు 30 − 2ఎక్స్, మడిచిన ఎత్తు ఎక్స్. మూడూ గుణిస్తే డబ్బాలో పట్టేది

4ఎక్స్ క్యూబ్ − 220ఎక్స్ స్క్వేర్ + 2400ఎక్స్

డెరివేటివ్ (ఎక్స్ కొంచెం మారితే ఇది ఎంత వేగంగా పెరుగుతుందో, తగ్గుతుందో చెప్పేది): 12ఎక్స్ స్క్వేర్ − 440ఎక్స్ + 2400 = 0
4తో భాగిస్తే: 3ఎక్స్ స్క్వేర్ − 110ఎక్స్ + 600 = 0
అంటే (ఎక్స్ − 30)(3ఎక్స్ − 20) = 0

ఇప్పుడు రేకు చూడండి. వెడల్పే 30, రెండు పక్కలా 30 చొప్పున కోయాలంటే 60 కావాలి, యాడుంది? ఈక్వేషన్‌కి రేకు సంగతి తెలీదు, మనమే చెప్పాలి. ఎక్స్ 0కీ 15కీ మధ్యే ఉండాలని మొదటి లైన్లోనే రాయమనండి. రెండో డెరివేటివ్ 24ఎక్స్ − 440, 20/3 పెడితే −280, నెగటివ్ అంటే అక్కడ పెరిగి తగ్గే మలుపు, కాబట్టి మాక్సిమం.

కందుకూరు బీటెక్:
సార్ చెప్పింది కరెక్టే గానీ అసలు సున్నా ఎందుకు చేస్తామో కూడా పాపకి తెలియాల. అన్నా, మీ గుంటనే తీసుకోండి, ఒక పక్క కాలవ గట్టు ఉంది, మిగతా మూడు పక్కలా 120 మీటర్ల వల కట్టాలి అనుకోండి. అందరం 40, 40, 40 అని సమంగా పంచేస్తాం, 1600 చదరపు మీటర్లు వస్తాయి. కానీ పక్కలు 30, 30 పెట్టి ఎదురు 60 పెడితే 1800, అదే వలతో దగ్గర దగ్గర 5 సెంట్లు ఎక్కువ! పక్క 29 పెట్టినా 31 పెట్టినా 1798కే వస్తాది. 30కి ముందు పెరుగుతా వచ్చింది, తర్వాత తగ్గతా పోతాది, ఆ మలుపు కాడ పెరగడమూ లేదు తగ్గడమూ లేదు, ఆ సున్నానే డెరివేటివ్ సున్నా. పక్క ఎక్స్ అయితే ఎదురు 120 − 2ఎక్స్, రెండూ గుణిస్తే వచ్చే 120ఎక్స్ − 2ఎక్స్ స్క్వేర్‌కి డెరివేటివ్ 120 − 4ఎక్స్, సున్నా చేస్తే 30. కాలిక్యులస్ లేకుండా కూడా అవుద్ది, దాన్నే 1800 − 2(ఎక్స్ − 30)స్క్వేర్ అని రాస్తే స్క్వేర్ ఎప్పుడూ నెగటివ్ కాదు గదా, 1800 దాటే దారే లేదు.

అల్లూరు నాన్న:
చానా థ్యాంక్సయ్యా ఇద్దరికీ. పొద్దున అట్టపెట్టె కోసి 80కి 30 ముక్క చేసినాం. 15 గీసేసరికి రెండు గీతలూ మధ్యలో కలిసిపొయినాయి, మడవడానికి అడుగే మిగల్లా, పాప అప్పుడే 30 కొట్టేసింది. తర్వాత తనే 5, 6, 7 పెట్టి చూసింది, 7000, 7344, 7392 వచ్చినాయి, 20/3కి 7407. ఇప్పుడు అదే అట్టతో మూతున్న డబ్బా చేస్తే ఎక్స్ ఎంత అని కూర్చోనుంది, దానికి కోత యాడ పెట్టాలో నాకు తెలీడం లా, చెప్పగలరా సార్?