పత్రాలు ఓపెన్ ఫార్మాట్‌లో ఉంచాలని ఎవరిని ఎలా ఒప్పించారు?

కృష్ణాతీరం
మా ఊళ్లో చిన్న సాహిత్య సంస్థ ఉంది. పత్రిక పాత సంచికల ఫైళ్లు సీడీల్లో మూలుగుతున్నాయి, చాలావరకు పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌వి. వాటి సంగతి తర్వాత, ఇకమీదట వచ్చే సంచికలైనా ఓడీఎఫ్‌లో (ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాట్, ఏ ఒక్క కంపెనీ సొత్తూ కానిది) దాచుదామని కమిటీలో ప్రతిపాదన పెట్టాను. "అందరి దగ్గరా వర్డ్ ఉందిగా, ఇప్పుడిదెందుకు" అన్నారు. కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలేమోనని టెన్షన్ పడుతున్నారు కూడా. ఆఫీసులోనో, స్కూల్లోనో, ప్రెస్సులోనో ఎవరైనా ఈ మార్పు తెచ్చి ఉంటే ఏం చెబితే విన్నారో రాయండి.

డీటీపీ_బెజవాడ
పాత ఫైళ్ల సంగతి తర్వాత అనకండి సార్. కమిటీకి చూపించాల్సినవి అవే. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0, వచ్చింది 2001లో. దాని స్థానంలోకి వచ్చిన ఇన్‌డిజైన్ సీఎస్6 వరకు ఆ ఫైళ్లను తెరిచేది, ఆ తర్వాత వెర్షన్లు తెరవవు. ఒక్క కంపెనీకే తెలిసిన ఫార్మాట్ అయితే, వాళ్లు వద్దనుకున్న రోజున మన పత్రిక కూడా పోయినట్టే. 2014లో మొదలైన డాక్యుమెంట్ లిబరేషన్ ప్రాజెక్ట్ వాళ్లు ఆ ఫైళ్ల లోగుట్టు తవ్వి తీశారు కాబట్టి లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో 4.4 వెర్షన్ నుంచి తెరుచుకుంటున్నాయి. మీ సీడీలు ముందు అందులో ప్రయత్నించండి. లేఅవుట్ చెదిరినా మేటర్ చేతికొస్తుంది.

ఇక్కడే అసలు మెలిక ఉంది. ఆ రోజుల్లో మేం కొట్టిన తెలుగు, కంప్యూటర్ లెక్కలో తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన చోట్లలో తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, వత్తు ఇంకోచోట బొమ్మల్లా పెట్టిన ఫాంట్లు అవి. ఆ ఫాంట్ లేని మిషన్‌లో తెరిస్తే పేజీ నిండా అర్థంకాని గుర్తులు. అదే మేటర్‌ని ఓడీటీగా (ఓడీఎఫ్‌లో రాతపత్రాల ఫైలు) సేవ్ చేసినా ఆ గుర్తులే సేవ్ అవుతాయి. పెట్టె ఓపెన్ అయితే సరిపోదు, లోపల అక్షరం కూడా యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరు ఇచ్చే పద్ధతి) కావాలి. కన్వర్టర్లు ఉన్నాయి, పని చాలావరకు చేస్తాయి. కాకపోతే వత్తులు పక్క అక్షరానికి అంటుకోవడం, అంకెలు మారిపోవడం మామూలే. అచ్చయిన సంచిక పక్కన పెట్టుకుని ప్రూఫ్ దిద్దే మనిషి తప్పనిసరి. పద్యాలుంటే ఇద్దరు కావాలి.

సందేహి
వర్డ్ వాడే డాక్స్ (.docx) కూడా ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణమే కదండీ, 29500 నంబరుతో? మరి ఓడీఎఫే ఎందుకు?

ప్రమాణం
@సందేహి, అడగాల్సిన ప్రశ్నే. ఓడీఎఫ్ 2006లో ఐఎస్ఓ 26300 అయింది. 2007లో డాక్స్‌కి ఆధారమైన ఓఎక్స్ఎమ్‌ఎల్ ఫార్మాట్ ఐఎస్ఓలో ఓటింగ్‌కి వచ్చినప్పుడు మన భారతీయ ప్రమాణాల సంస్థ వ్యతిరేకంగా ఓటు వేసింది. 2008 మార్చిలో మళ్లీ పరిశీలించినా మాట మార్చలేదు. అయినా మిగతా దేశాల ఓట్లతో అది నెగ్గింది. ఓఎక్స్ఎమ్‌ఎల్ వివరణ పత్రం సుమారు 6,000 పేజీలు, ఓడీఎఫ్ తొలి వెర్షన్‌ది 700 పేజీల చిల్లర. పైగా ఓఎక్స్ఎమ్‌ఎల్‌లో స్ట్రిక్ట్, ట్రాన్సిషనల్ అని రెండు రకాలున్నాయి. వర్డ్‌లో మామూలుగా సేవ్ కొడితే వచ్చేది రెండోది, పాత వెర్షన్ల అలవాట్లను మోసుకొచ్చేది. ఇంకో సాఫ్ట్‌వేర్ రాసేవాడికి అది పెద్ద బరువు. అందుకే ఒకచోట చేసిన డాక్స్ ఇంకోచోట చెదురుతుంది.

ఆఫీసులకు లేఖ రాసేవాళ్లు ఇంకో రెండు విషయాలు ప్రస్తావించండి. ఈ-గవర్నెన్స్‌లో భారతీయ భాషలకు యూనికోడే ప్రమాణమని కేంద్రం 2009లో ప్రకటించింది. 2010 నవంబరులో ఓపెన్ స్టాండర్డ్స్ విధానం తెచ్చింది. రాయల్టీ లేని ప్రమాణాలు వాడాలన్నది అందులో ముఖ్యమైన షరతు. మనం కొత్తగా కోరుతున్నదేమీ లేదు, ఉన్నదాన్ని పాటించమంటున్నాం. ఇలా మొదలుపెడితే అధికారులు కనీసం చివరిదాకా చదువుతారు.

ఓరుగల్లు_టీచర్
మా స్కూల్లో నేను కొత్త సాఫ్ట్‌వేర్ ఊసే ఎత్తలేదు. పరీక్ష పేపర్లు ఓడీటీలో చేసి, హెడ్మాస్టర్ గారి సిస్టమ్‌లో ఉన్న వర్డ్‌లోనే తెరిచి చూపించాను. ఆఫీస్ 2007 సర్వీస్ ప్యాక్ 2 నుంచీ వర్డ్ ఓడీటీ తెరుస్తుందని చాలామందికి తెలీదు. గూగుల్ డాక్స్‌లో కూడా డౌన్‌లోడ్ మెనూలో ఓడీటీ ఉంటుంది. ఎవరి అలవాటు వాళ్లు మానుకోనక్కర్లేదు అన్నాక అభ్యంతరం సగం తగ్గింది.

పిల్లలకు ఇంకోటి చూపించాను. ఓడీటీ ఫైలు పేరు చివర జిప్ అని మార్చి తెరవండి. లోపల content.xml అనే ఫైలు ఉంటుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ట్యాగుల మధ్య మనం రాసిన తెలుగు వాక్యం చక్కగా కనిపిస్తుంది. స్టైల్స్ వేరే ఫైల్లో, బొమ్మలు వేరే ఫోల్డర్లో. "అయితే మేడమ్, ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లేకపోయినా చదవొచ్చన్నమాట" అంది ఒకమ్మాయి. అదే పనిని మీ కమిటీ పెద్దల ముందు చేయండి కృష్ణాతీరం గారూ, ఉపన్యాసం అక్కర్లేదు.

మాకు వచ్చిన ఇబ్బంది ఫాంట్. వేరే సిస్టమ్‌లో తెరిస్తే ఫాంట్ మారి పేపర్ ఇంకో పేజీకి జరిగిపోయేది. లిబ్రేఆఫీస్ ప్రాపర్టీస్‌లో ఫాంట్ అనే ట్యాబ్ ఉంది, అక్కడ ఫాంట్లను ఫైల్లోనే కలిపేసే ఆప్షన్ టిక్ పెట్టండి. రామభద్ర, మండలి, గిడుగు లాంటివి ఓపెన్ లైసెన్స్ ఫాంట్లే కాబట్టి ఏ పేచీ లేదు.

జర్మనీ_నుంచి
నేనుండే దేశంలో జరుగుతున్నది చెబుతాను. ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది, సుమారు 30,000 ప్రభుత్వ కంప్యూటర్లను లిబ్రేఆఫీస్‌కి మారుస్తామని. డబ్బు ఆదా ఒక్కటే కాదు, ప్రజల పత్రాలపై అధికారం ప్రభుత్వం దగ్గరే ఉండాలన్నది వాళ్ల వాదన. అంతకుముందు 2014 జులైలో బ్రిటన్ ప్రభుత్వం దిద్దుకోగల పత్రాలకు ఓడీఎఫ్, చదవడానికి మాత్రమే అయితే పీడీఎఫ్/ఎ (ఎక్కువకాలం దాచడానికి ఉద్దేశించిన పీడీఎఫ్ రకం) లేదా హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ) అని తేల్చేసింది. "ఇది కుర్రాళ్ల సరదా" అనేవాళ్లకు ఈ రెండూ చెప్పండి.

వకీలు_గుమస్తా
పీడీఎఫ్ ఉంటే చాలనుకునేవాళ్లకు నా మాట. ఒక ఆఫీసు నుంచి తెలుగు ఉత్తర్వు పీడీఎఫ్ వచ్చింది. అందులోంచి ఒక పేరా కాపీ చేసి పిటిషన్‌లో పేస్ట్ చేస్తే దీర్ఘాలు ఒకవైపు, వత్తులు ఒకవైపు. అంతా మళ్లీ కొట్టాల్సి వచ్చింది. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే అదీ లేదు, బొమ్మే.

ప్రమాణం
@వకీలు_గుమస్తా, పీడీఎఫ్ ప్రధానంగా దాచేది అక్షరం ఆకారాన్ని, దాని చోటుని. ఆకారం నుంచి అక్షరానికి వెనక్కి వెళ్లే పట్టిక సరిగ్గా లేకపోతే తెలుగు లాంటి లిపిలో ఇలాగే అవుతుంది. అందుకే పీడీఎఫ్/ఎ ఒక్కటే కాకుండా మూలం ఓడీటీ కూడా దాచాలి. రెండు ఫైళ్లు తిప్పడం ఇబ్బంది అనుకుంటే లిబ్రేఆఫీస్ పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్‌లో హైబ్రిడ్ అనే ఆప్షన్ ఉంది. పీడీఎఫ్ లోపలే ఓడీఎఫ్ మూలం కూర్చుంటుంది. చదివేవాళ్లకు పీడీఎఫ్, లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే దిద్దుకోవచ్చు.

కృష్ణాతీరం
అందరికీ ధన్యవాదాలు. వచ్చే కమిటీ మీటింగుకి పాత సీడీ ఒకటి, కొత్త సంచిక ఓడీటీ ఒకటి పట్టుకెళ్తాను, టీచర్ గారు చెప్పినట్టు జిప్ తెరిచి చూపిస్తాను. తీర్మానంలో మూడు మాటలు పెట్టబోతున్నాను: మేటర్ యూనికోడ్‌లోనే తీసుకోవడం, మూలం ఓడీటీగా దాచడం, పాఠకులకు పీడీఎఫ్/ఎ ఇవ్వడం. బెజవాడ సార్, పాత సంచికల ప్రూఫ్ దిద్దే పనికి మీకు తెలిసిన పాత ప్రూఫ్‌రీడర్లు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. పారితోషికం ఇస్తాం.

డీటీపీ_బెజవాడ
ఉన్నారు సార్. పద్యాలకు ఒకాయన, వచనానికి ఒకావిడ. ముందు ఒక్క సంచిక కన్వర్ట్ చేసి పంపండి, తప్పులు ఏ తీరున వస్తున్నాయో చూసి చెబుతారు.